ఆ స్క్రూ ముట్టుకోకండి బాబూ!

మీ ప్రొడక్షన్ సర్వర్ గంటకోసారి పడిపోతోందనుకోండి. ఎందుకు పడుతోందో చూడకుండా, గంటకోసారి దానంతట అదే రీస్టార్ట్ అయ్యేలా ఒక స్క్రిప్టు రాసి పడేస్తే? మేనేజరు సంతోషిస్తాడు, క్లయింటు సంతోషిస్తాడు, ఆ శుక్రవారం సాయంత్రానికి మనమూ సంతోషిస్తాం. సోమవారం సంగతి సోమవారం. ఇలాంటి పని ఎప్పుడూ చెయ్యనివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. నేనైతే ఎత్తను :)

కార్బొరేటర్ కార్లలో సరిగ్గా ఇలాంటి స్క్రిప్టు ఒకటి ఉంది. దాని పేరు ఐడ్లింగ్ స్క్రూ. ఇంజను స్లోలో నిలబడటం లేదా? స్క్రూ అర చుట్టు బిగించు. ఇంకా వణుకుతోందా? ఇంకో పావు చుట్టు. అంతే, బండి రెడీ. షెడ్డులో పావుగంట పని, వంద రూపాయలు. జబ్బు మాత్రం లోపలే ఉంటుంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఐడ్లింగ్ బాగాలేని పాత కారుకి ఆ స్క్రూ ఆఖరి మెట్టు, మొదటి మెట్టు కాదు. ఈ ఒక్క ముక్క తెలుసుకోడానికి మా ఇంట్లో నాలుగు నెలలు పట్టింది, నాలుగు వేల పైచిలుకు ఖర్చయింది. అందులో చదువుకున్నవాడిగా నేను చేసిన నష్టం కూడా ఉంది. అది కూడా చెప్తాను.

మాది ఉద్దానం. వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గర్లో ఒక ఊరు. ఇంట్లో 1998 మోడల్ మారుతి 800 ఉంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బొరేటర్. నాకూ దానికీ వయసులో పెద్ద తేడా లేదు. "ఇంకా ఆ డబ్బా ఎందుకు?" అని హైదరాబాదులో ఫ్రెండ్సు అడుగుతుంటారు. ఎందుకంటే, మా చిన్నాన్నకి డయాలసిస్. వారానికి రెండుసార్లు నాన్న ఆయన్ని పలాస తీసుకెళ్ళి తీసుకురావాలి. వెళ్ళేటప్పుడు ఆటో అయినా ఫర్వాలేదు. నాలుగు గంటలు మిషను మీద ఉండి వచ్చినవాణ్ణి ఆటోలో కుదుపుతూ తేవడం నాన్నకి ఇష్టం లేదు. వెనక సీట్లో దిండేసి పడుకోబెట్టి తెస్తాడు.

ఉద్దానంలో ఇదేమీ వింత కాదు. ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి ఇళ్ళు ఉంటాయి. ఎవరి బండి వాళ్ళది, ఎవరి వారాలు వాళ్ళవి.

పోయిన ఏడాది వానలు తగ్గాక మొదలైంది గొడవ. పొద్దున్న ఇంట్లో స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది. పలాస వెళ్ళేదాకా బాగానే ఉంటుంది. వచ్చేటప్పుడు కాశీబుగ్గ సెంటర్లో జనం అడ్డొచ్చి బండి స్లో చేస్తే చాలు, ఇంజను వణికి వణికి ఆగిపోతుంది. వెనక లారీ హారను. నాన్న చెమటలు కక్కుతూ సెల్ఫు కొట్టడం. వెనక సీట్లోంచి చిన్నాన్న, "ఒగ్గీ అన్నయ్యా, నా కిడ్నీల్లాగే దానికీ వయసైపోనాది" అని జోకు.

నాన్న మొదటి అనుమానం తేమ. దానికో కారణం ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కారున్న పాక ఎగిరిపోయి, బండి రాత్రంతా వానలో తడిసింది. అప్పుడూ ఇలాగే వణికింది. డిస్ట్రిబ్యూటర్, అంటే మన మెకానిక్కుల భాషలో డెల్కో, దాని మూత విప్పి గుడ్డతో తుడిచి ఎండలో ఆరబెడితే బాగైపోయింది. అందుకని ఇప్పుడూ మూత విప్పి ఆరబెట్టాడు. ఏమీ మారలేదు. పోయినసారి ఏ బగ్గు దొరికిందో ఈసారీ అదే అనుకోవడం మనకీ అలవాటే కదా.

నిజానికి నాన్న ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే తేమని అప్పుడే పక్కన పెట్టేవాడు. తేమ వల్ల వచ్చే మిస్సింగ్ పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ ఉంటుంది, ఇంజను వేడెక్కాక తగ్గుతుంది. మా బండికి అది తలకిందులు. చల్లగా ఉంటే బాగుంది, వేడెక్కితే పాడవుతోంది. లక్షణం అరిచి చెప్తోంది, వినేవాళ్ళు లేరు.

తర్వాత ఒక షెడ్డు. అక్కడ స్క్రూ బిగించారు. స్లోలో 900 ఆర్పీఎం దగ్గర ఉండాల్సిన ఇంజను 1500 దగ్గర గుయ్యిమంటోంది. ఆగిపోవడం తగ్గింది. మైలేజీ పడిపోయింది, యాక్సిలరేటర్ వదిలేసినా బండి ముందుకి లాగుతోంది, రెండు వారాల తర్వాత మళ్ళీ ఆగిపోవడం మొదలుపెట్టింది. ఇంకో షెడ్డు. అక్కడ కార్బొరేటర్ దింపి కిట్టు మార్చారు, ప్లగ్గులు మార్చారు. కొన్నాళ్ళు ఫర్వాలేదనిపించి, తర్వాత ముందుకంటే ఎక్కువ వణకడం మొదలైంది. మూడో చోట తేల్చి చెప్పేశారు: "ఇప్పుడొస్తున్న పెట్రోలుకి ఈ బండ్లు పనిచెయ్యవు, తుక్కుకి ఇచ్చెయ్యండి."

అప్పుడు రంగంలోకి దిగాను నేను, ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న మహానుభావుణ్ణి. వారం రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఊరెళ్ళి, ఫోనులో నాలుగు వీడియోలు చూసి, ఒక్క ఆదివారం నాడు ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు వైర్లు, డెల్కో మూత మార్చేశాను, మిక్చర్ స్క్రూ కూడా తిప్పేశాను. ఎన్ని చుట్లు తిప్పానో రాసుకోలేదు. కొంచెం బాగైనట్టు అనిపించింది. నేను మార్చిన నాలుగింటిలో దేని వల్ల? తెలీదు. మంగళవారం కాశీబుగ్గలో మళ్ళీ ఆగిపోయింది. ఈసారి దేని వల్ల? అదీ తెలీదు. ఆఫీసులో ఒక జూనియర్ నాలుగు మార్పులు కలిపి ఒకే కమిట్ చేస్తే రివ్యూలో పీకి పందిరేస్తాను నేను. నా కారు దగ్గరికొచ్చేసరికి బుద్ధి ఏ గడ్డి తిందో!

చివరికి టెక్కలి వైపు ఒక పాత మేస్త్రి ఉన్నాడంటే అక్కడికి తీసుకెళ్ళాం. అంబాసిడర్లు, ఫియట్లు, పాత జీపులు చూసిన మనిషి. బానెట్ ఎత్తగానే పానా తీసుకోలేదు. ఇంజను శబ్దం విని, "ఈ స్క్రూ ఎవుడు తిప్పినాడు?" అన్నాడు. నేను నాన్న వైపు చూశాను, నాన్న నా వైపు చూశాడు :)

ఆయన చేసిన మొదటి పని ఆ స్క్రూని వెనక్కి తిప్పెయ్యడం. బండి వెంటనే వణకడం మొదలుపెట్టింది. "ముందు రోగం బైటికి రానీ బాబూ, దాచెత్తే ఎలాగ సూత్తాం?" అన్నాడు. ఎక్సెప్షన్ని మింగేసే ట్రై-క్యాచ్ బ్లాకు తీసెయ్యడం అంటే ఇదే కదా! ఎన్ని ట్రైనింగుల్లో చెప్పినా ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, కార్బొరేటర్ నోట్లో ఉండే చోకు రేకుని వేలితో కొద్దిగా మూశాడు. వణుకు తగ్గిపోయింది! వేలు తీస్తే మళ్ళీ వణుకు. "గాలి ఎక్కువ తాగేత్తంది బాబూ. ఎక్కడ తాగుతాందో సూడాల."

ఇక్కడ కొంచెం ఆగి, ఈ వేలు పరీక్ష ఎందుకు అంత విలువైనదో చెప్తాను. చోకు మూస్తే గాలి తగ్గుతుంది, పెట్రోలు పాలు పెరుగుతుంది. అలా చేసినప్పుడు ఇంజను బాగుపడితే, అంతకుముందు పెట్రోలు తక్కువా గాలి ఎక్కువా ఉందన్నమాట. అదే మూసినప్పుడు ఇంకా పాడై నల్లపొగ వస్తే, అసలే పెట్రోలు ఎక్కువవుతోందని. ఏ మార్పూ లేక ఒకే లయలో టక్ టక్ అని కొడుతుంటే మిక్చరు సంగతి పక్కన పెట్టి ప్లగ్గులు, వైర్లు, వాల్వులు చూడాలి. ఒక్క వేలితో అనుమానితుల్లో సగం మందిని వదిలెయ్యొచ్చు. మనం కోడ్‌ని సగానికి విడగొట్టి బగ్గు ఏ సగంలో ఉందో చూస్తామే, అదే పద్ధతి.

మేస్త్రి తర్వాత ఒక నీళ్ళ సీసా మూతకి చిన్న చిల్లు పెట్టి, కార్బొరేటర్ అడుగున, మేనిఫోల్డు అతుకుల దగ్గర, రబ్బరు పైపుల చివర్ల దగ్గర ఒక్కోచోటే సన్నగా నీళ్ళు చిమ్మాడు. రెండు చోట్ల ఇంజను శబ్దం మారింది. ఆ రెండు చోట్లా నీళ్ళు కాసేపు పగులుని మూస్తున్నాయి, కాబట్టి గాలి అక్కడే లోపలికి పోతోంది.

మొదటిది మేనిఫోల్డు నుంచి డెల్కోకి పోయే చిటికెన వేలంత రబ్బరు పైపు. పైకి చూస్తే బాగానే ఉంది. వంచితే వెనకవైపు పగులు కనబడింది. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, ఇంజను వేడికి మెత్తబడి తెరుచుకుంటోంది. అందుకే పలాస వెళ్ళేటప్పుడు బాగుండి వచ్చేటప్పుడు గొడవ. రెండోది కార్బొరేటర్ కింద ప్యాకింగ్. కిట్టు మార్చినప్పుడు పాత ప్యాకింగే మళ్ళీ వేసి, ఒక నట్టు సరిగ్గా బిగించలేదు. అంటే మొదటి బగ్గు బండిది, రెండో బగ్గు రిపేరుది. మనకి కొత్తేమీ కాదు ఇది!

రబ్బరు పైపు ముక్క, ప్యాకింగ్ కలిపి హోటల్లో ఇద్దరు టిఫిను తిన్నంత ఖర్చు కూడా కాలేదు. ఆ తర్వాతే, ఆఖర్న, మేస్త్రి స్క్రూ ముట్టుకున్నాడు. ఇంజను బాగా వేడెక్కాక, మిక్చర్ స్క్రూని అటూ ఇటూ మెల్లగా తిప్పి ఎక్కడ ఇంజను అందరికంటే హాయిగా తిరుగుతుందో చూసి, స్పీడు స్క్రూతో మళ్ళీ 900కి దించాడు. ఆ స్క్రూ పని అది. బాగున్న ఇంజనుని సరిదిద్దడం. పాడైన ఇంజనుని నోరు మూయించడం కాదు.

"అంత చిన్న పగులు అంత గొడవ చేస్తుందా?" అని నాకు నమ్మకం కలగలేదు. ఆ రాత్రి లెక్కేసుకున్నాను. ఉజ్జాయింపు లెక్కే, కానీ కళ్ళు తెరిపించింది. 796 సీసీ ఇంజను రెండు చుట్లకోసారి తన సైజంత మిక్చరు పీలుస్తుంది. 900 ఆర్పీఎం దగ్గర నిమిషానికి దాదాపు 358 లీటర్ల చోటు. కానీ ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది కాబట్టి మేనిఫోల్డులో గాలి బయటి ఒత్తిడిలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. అంటే నిజంగా పోయే గాలి నిమిషానికి 120 లీటర్ల చుట్టుపక్కల. ఇప్పుడు 2 మిల్లీమీటర్ల కన్నం ఉందనుకోండి. ఆ ఒత్తిడి తేడాకి అందులోంచి నిమిషానికి దాదాపు 30 లీటర్ల గాలి దూసుకుపోతుంది. నాలుగో వంతు! పెట్రోలు కలవని గాలి నాలుగో వంతు వచ్చి పడితే ఏ ఇంజను నిలబడుతుంది?

అదే హైవే మీద 3500 ఆర్పీఎంలో వెళ్తుంటే ఇంజను నిమిషానికి వెయ్యి లీటర్ల దాకా గాలి తీసుకుంటుంది. అప్పుడు ఆ కన్నం వాటా 3 శాతం మించదు, మనకి తెలీనే తెలీదు. అందుకే గాలి లీకు బండి స్పీడులో బంగారంలా పోతుంది, ట్రాఫిక్‌లో పరువు తీస్తుంది. స్క్రూ బిగించి 1500కి పెంచితే ఏమవుతుంది? థ్రాటిల్ కొంచెం తెరుచుకుని మొత్తం గాలి పెరుగుతుంది, లీకు వాటా తగ్గుతుంది, వణుకు తగ్గుతుంది. లీకు అలాగే ఉంటుంది. రబ్బరు ఇంకొంచెం పగిలాక మళ్ళీ మొదటికే. రెండు వారాల రహస్యం అదన్నమాట.

ఇక "ఇప్పటి పెట్రోలు" సంగతి. ఇది పూర్తిగా అబద్ధమూ కాదు, పూర్తిగా నిజమూ కాదు. మన పెట్రోల్లో ఇథనాలు 2022 జూన్ నాటికి 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాలుకి 9 కిలోలు చాలు. ఇంజెక్షన్ కారులో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది, తేడా చూసుకుని కంప్యూటరు పెట్రోలు కొంచెం ఎక్కువ వదులుతుంది. కార్బొరేటర్‌కి కళ్ళూ ముక్కూ ఏమీ లేవు. జెట్టు సైజు ఎంతో అంతే. కాబట్టి 10 నుంచి 20 శాతానికి వెళ్తే మిక్చరు ఇంకో 4 శాతం పల్చనవుతుంది. పాత రబ్బరు పైపులు, ప్యాకింగులు కూడా ఇథనాలుకి త్వరగా దెబ్బతినొచ్చు. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ ఇచ్చిన వివరణలో కూడా, కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగాలూ ప్యాకింగులూ 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల వాడకం తర్వాత మార్చుకోవాల్సి రావచ్చని ఉంది.

అంటే ఇథనాలుకి ఇందులో పాత్ర ఉండి ఉండొచ్చు. ఆ పైపు పగలడానికి అదీ ఒక కారణమేమో. కానీ 4 శాతం ఎక్కడ, 25 శాతం ఎక్కడ? పైపు మార్చాక అదే బండి, అదే పెట్రోలు, హాయిగా నడుస్తోంది. ప్రభుత్వం మీద కోపం ఉంటే విడిగా తీర్చుకుందాం, రబ్బరు పైపు మీద నేరం ప్రభుత్వం మీద తోసి బండిని తుక్కుకి పంపడం మాత్రం డయాగ్నసిస్ కాదు. "క్లౌడ్ ప్రొవైడర్ దగ్గరే ఏదో ప్రాబ్లం" అని టికెట్ మూసేసే బాపతు అది.

ఇంకో వైపు వాదన కూడా ఉంది, నాకూ తెలుసు. ఎయిర్ బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, పొల్యూషన్ ఎక్కువ, పాత బండ్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజులు పెరిగాయి. ఇవన్నీ నిజం. ఈ కారు కలకాలం ఉండాలని నేనేమీ అనడం లేదు. రేపో మాపో కొత్తది కొంటాం. కానీ ఏ కారణంతో మారుస్తున్నామో తెలిసి మార్చాలి. బగ్గు దొరక్క, విసిగిపోయి, మొత్తం సిస్టం తీసేసి కొత్తది రాద్దామన్నవాళ్ళు కొత్తదాంట్లోనూ అలాగే పనిచేస్తారు. పొల్యూషన్ విషయానికొస్తే, పాత బండ్లకి పీయూసీ టెస్టు చేసేదే ఐడ్లింగ్‌లో. 2000కి ముందు పెట్రోలు కార్లకి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాటకూడదు. మిస్సింగ్ కొట్టే ఇంజను మండని పెట్రోలుని సైలెన్సర్ గుండా బయటికి తోస్తుంది. ఐడ్లింగ్ బాగుచెయ్యడమంటే ఆ పొగని తగ్గించడం కూడా.

ఎవరింట్లోనైనా ఇలాంటి బండి ఉంటే పనికొస్తుందని, మేస్త్రి దగ్గర చూసినదీ తర్వాత నేర్చుకున్నదీ కలిపి వరస చెప్తున్నాను.

ముందు ఎప్పుడు పాడవుతోందో రాసుకోండి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, వానలోనా, పెట్రోలు కొట్టించిన రోజునా. సగం సమాధానం అక్కడే ఉంటుంది. రెండోది, కళ్ళతో చేత్తో చూడండి. రబ్బరు పైపులన్నీ వంచి చూడండి, కార్బొరేటర్ నట్లు, బ్యాటరీ టర్మినళ్ళు, ఇంజను నుంచి బాడీకి పోయే ఎర్తింగ్ వైరు చూడండి. సముద్రం పక్కనుండే మా లాంటి వాళ్ళకి ఉప్పుగాలికి ఆ వైరు చివర పచ్చగా చిలుము పట్టేస్తుంది. మూడోది, ఒక సిలిండరు గొడవా మూడు సిలిండర్ల గొడవా తేల్చుకోండి. ఇన్సులేషన్ ఉన్న పటకారుతో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటీ క్షణం సేపు తీస్తే, ఏ వైరు తీసినప్పుడు ఇంజనులో మార్పు లేదో ఆ సిలిండరు పనిచెయ్యట్లేదని. షాకు గట్టిగా కొడుతుంది, ఈ పని అలవాటున్నవాళ్ళ చేతే చేయించండి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దగ్గరికే వెళ్ళొద్దు.

నాలుగోది చోకు మీద వేలు. గాలి ఎక్కువని తేలితే నీళ్ళ సీసా. వీడియోల్లో కార్బ్ క్లీనర్ స్ప్రే కొడతారు, అది అంటుకునే సరుకు, వేడి మేనిఫోల్డు మీద పడితే అంతే సంగతులు. నీళ్ళయినా డెల్కో మీదా వైర్ల మీదా పడకుండా చూసుకోండి. లీకు దొరక్కపోతే అప్పుడు కార్బొరేటర్ లోపల ఐడ్లింగ్ జెట్టు చూడాలి. వెంట్రుక మందం కన్నం అది, ట్యాంకులో తుప్పు రవ్వ ఒక్కటి చాలు మూసుకుపోడానికి. కొన్ని కార్బొరేటర్లకి పక్కనే చిన్న సోలినాయిడ్ ఉంటుంది, తాళం ఆన్ చేసి దాని వైరు తీసి పెడితే టిక్ మనాలి. అనకపోతే రేసులో నడిచి స్లోలో టక్కున ఆగిపోతుంది. ఇవన్నీ బాగుంటే ట్యాపెట్ గ్యాపులు, కంప్రెషన్. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది రాయండి. ఉపయోగం లేకపోతే పాతది మళ్ళీ పెట్టెయ్యండి.

స్క్రూ ఆఖర్న. తిప్పే ముందు మెల్లగా లోపలికి ఎన్ని చుట్లు వెళ్తుందో లెక్కపెట్టి రాసుకోండి, మళ్ళీ వెనక్కి రావడానికి దారి ఉంటుంది. గట్టిగా బిగిస్తే సూది మొన పాడవుతుంది.

ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఏమిటో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. నీళ్ళన్నారు, అందులో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎండలో పని అన్నారు, వంశపారంపర్యం అన్నారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీళ్ళ పథకమూ అదే రోజు మొదలైంది. మంచి పనులే. డయాలసిస్సే లేకపోతే మా చిన్నాన్న ఈపాటికి ఉండేవాడు కాదు, దాన్ని స్క్రూతో పోల్చే పాపం నేను చెయ్యను. కానీ కారణం దొరకని జబ్బుతో బతకడమంటే ఏమిటో మా ఊళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. నీళ్ళ సీసాతో అరగంటలో కారణం దొరికేచోట కూడా మేమే వెతక్కుండా నాలుగు నెలలు కూర్చున్నాం. ఆ సంగతి తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. ఆ నాలుగు నెలల్లో ఆ కారు ఆగిన ప్రతిసారీ వెనక సీట్లో ఎవరున్నారో నాకు తెలుసు.

ఇప్పుడు కాశీబుగ్గ సెంటర్లో ఎంతసేపు ఆగినా ఇంజను ఆగట్లేదు. చిన్నాన్న ఇంటిదాకా నిద్రపోతూనే వస్తున్నాడట. గ్లవ్ బాక్సులో ఒక నోటుబుక్కు పెట్టి, బండికి ఏం చేసినా తేదీ వేసి రాయమని నాన్నకి చెప్పాను. మొన్న తీసి చూస్తే మొదటి ఎంట్రీ ఇలా ఉంది: "పెట్రోలు 500. స్క్రూ ఎవరూ ముట్టుకోలేదు."